ఆదివారం ధ్యాన బృందం వయసెంత? – విపశ్యన చరిత్రలో గృహస్థులు

మీ ఊళ్ళో కాకపోతే పక్క పట్నంలోనైనా ఒక ధ్యాన బృందం ఉండే ఉంటుంది. ఆదివారం పొద్దున్నే ఏ కమ్యూనిటీ హాలులోనో, ఎవరింటి మేడమీదో పదీ పదిహేనుమంది చాపలు పరుచుకుని కూర్చుంటారు. మోకాళ్ళు సహకరించనివారికి గోడవారన ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. గంటసేపు ఎవరూ మాట్లాడరు. శ్వాస వచ్చిపోవడాన్ని, ఒంట్లో పుట్టే నొప్పినీ దురదనూ గమనిస్తూ ఉంటారు, అంతే. వారిలో బ్యాంకు ఉద్యోగి ఉండవచ్చు, కుట్టుపని చేసే ఆవిడ ఉండవచ్చు, రిటైరైన బస్సు డ్రైవరు ఉండవచ్చు. ఉద్యోగ విరమణ తరవాత నేనూ అలాంటి ఒక బృందంలో చేరాను. మొదటిరోజు నా పక్కన కూర్చున్న పెద్దాయన, "రెండున్నర వేల ఏళ్ళుగా మనవాళ్ళు ఇలాగే కూర్చుంటున్నారు మాస్టారూ" అన్నారు.

ఆ మాటకు నేను ఆశ్చర్యపోలేదు. ఎందుకంటే తరగతి గదిలో నేనూ చాలా ఏళ్ళు అదే చెప్పాను. ఒకసారి సంపర్క తరగతిలో ఒక విద్యార్థిని లేచి, "దానికి ఆధారం ఏమిటి సార్?" అని అడిగింది. బుద్ధుని బోధ చాలా పాతదని చెప్పాను. "బోధ సరే సార్, ఊళ్ళోవాళ్ళు కలిసి కూర్చున్నారనడానికి ఆధారం?" అని మళ్ళీ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఈ పాఠం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

గ్రంథం వయసు, అలవాటు వయసు

ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఒక గ్రంథం పాతదైనంత మాత్రాన దాన్ని ఆచరించే పద్ధతి కూడా అంతే పాతది కానక్కరలేదు. విపశ్యనకు మూలమని చెప్పే సతిపట్ఠాన సుత్తం పాలి త్రిపిటకంలోని మజ్ఝిమ నికాయంలో ఉంది. శరీరాన్ని, వేదనలను, చిత్తాన్ని, ధర్మాలను ఎలా గమనించాలో అది చెబుతుంది. అయితే ఆ ఉపదేశం ఎవరిని ఉద్దేశించి సాగుతుందో చూడండి. అడుగడుగునా "భిక్షువులారా" అనే సంబోధన వినిపిస్తుంది. అడవికో, చెట్టు కిందికో, నిర్జనమైన ఇంటికో పోయి కూర్చోమని అందులో ఉంది. వారానికోసారి పదిమందీ హాలులో కలవమని లేదు.

అంటే గృహస్థులకు ధ్యానంతో పని లేదని అర్థమా? కాదు. అదే నికాయంలోని కందరక సుత్తంలో పెస్సుడు అనే ఏనుగుల శిక్షకుడి కొడుకు కనిపిస్తాడు. తెల్లబట్టలు కట్టుకునే తమవంటి గృహస్థులు కూడా అప్పుడప్పుడు ఈ నాలుగు సతిపట్ఠానాలలో మనసు నిలిపి ఉంటామని అతడు బుద్ధునితో చెబుతాడు. క్రీ.శ. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన వ్యాఖ్యానం మరికొంత ముందుకు వెళుతుంది. కురుదేశంలో పనివాళ్ళు సైతం దీన్నే మాట్లాడుకునేవారట. నీళ్ళ రేవులో ఆడవాళ్ళు "నువ్వు ఏ సతిపట్ఠానం చేస్తున్నావమ్మా?" అని ఒకరినొకరు అడిగేవారట. ముచ్చటైన దృశ్యమే. కానీ ఇది బుద్ధుని తరవాత సుమారు వెయ్యేళ్ళకు, వేరే దేశంలో కూర్చుని రాసిన వర్ణన. ఇలా ఉంటే బాగుండునన్న ఆదర్శానికి ఇది సాక్ష్యం. నిజంగా అలా జరిగిందని చెప్పడానికి ఇది చాలదు.

ఇక్కడ మాట గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి. పాలిలో "సతి" అంటే ఎరుక, జ్ఞాపకం. తెలుగులో సతి అంటే భార్య. సంస్కృత రూపమైన "స్మృతి" అంటే మనకు మనుస్మృతి గుర్తుకొస్తుంది. "ఎరుక" అందామంటే ఎరుకలసాని చెప్పే సోదె గుర్తుకొస్తుంది. చివరికి 1881లో రీస్ డేవిడ్స్ అనే పాలి పండితుడు "సతి"కి ఇంగ్లీషులో వాడిన "మైండ్‌ఫుల్‌నెస్" అనే మాటే చుట్టు తిరిగి వచ్చి మన కరపత్రాలలో చేరింది.

మన కొండల మీది సాక్ష్యం

ఆంధ్రదేశంలో బౌద్ధం బలంగా ఉన్నదనడానికి ఆధారాలకు కొదవలేదు. విశాఖపట్నం దగ్గర తొట్లకొండ, బావికొండ, శ్రీకాకుళం జిల్లాలో శాలిహుండం, కృష్ణ ఒడ్డున అమరావతి, నాగార్జునకొండ మీకు తెలిసినవే. తొట్లకొండ ఎక్కితే భిక్షువుల చిన్న చిన్న గదులు వరసగా కనిపిస్తాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లవల్లే ఆ కొండకు ఆ పేరు వచ్చింది. ఆ గదులలో ధ్యానం జరిగిందని ఊహించడంలో తప్పులేదు. కానీ అవి భిక్షువుల గదులు.

గృహస్థులు ఎక్కడ కనిపిస్తారు? శాసనాలలో. అమరావతి స్తూపానికి పూర్ణఘట శిల్పం ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. నాగార్జునకొండ మహాచైత్యాన్ని నిలబెట్టిన దాత ఇక్ష్వాకు వంశపు స్త్రీ చాంతిసిరి. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు ఎందరో స్తంభమో పలకో ఇచ్చి పేరు చెక్కించుకున్నారు. ఈ శాసనాలు మనకు చెప్పేది దానం గురించి, దాని వల్ల వచ్చే పుణ్యం గురించి. వారు కళ్ళు మూసుకుని కూర్చున్నారో లేదో చెప్పవు. శాసనం చెప్పని విషయాన్ని దాని నోట పలికించకూడదు. నేను చేసిన పొరపాటు అదే.

రాజు పోయిన బర్మా

ఇప్పుడు మనం బంగాళాఖాతం దాటాలి. ఎందుకంటే ఈనాటి మన ఆదివారం బృందానికి దగ్గరి పూర్వీకులు అక్కడున్నారు.

బర్మాలోనూ ధ్యానం చాలాకాలం కొద్దిమంది భిక్షువుల వ్యవహారమే. 18వ శతాబ్దంలో మేదావి అనే భిక్షువు బర్మా భాషలో విపశ్యన గురించి చిన్న పుస్తకాలు రాశాడు. అందువల్ల ఆసక్తి అప్పటికే మొదలైందని చెప్పవచ్చు. అది జనంలోకి రావడానికి మాత్రం ఒక దెబ్బ తగలవలసి వచ్చింది. 1885 నవంబరులో బ్రిటిష్ సైన్యం మాండలే నగరాన్ని పట్టుకుంది. తీబా రాజును ఓడ ఎక్కించి మన దేశానికి, రత్నగిరికి పంపేసింది. బర్మా వారి దృష్టిలో రాజు పన్నులు వసూలు చేసేవాడు మాత్రమే కాదు, బుద్ధశాసనాన్ని కాపాడేవాడు కూడా. తీబా తండ్రి మిండన్ త్రిపిటకం మొత్తాన్ని 729 పాలరాతి పలకల మీద చెక్కించాడు. 1871లో పంచమ సంగీతి జరిపించాడు. ఆ స్థానం ఒక్కసారిగా ఖాళీ అయింది. కొత్త ప్రభుత్వం ఆ బాధ్యత తీసుకోనంది.

మరి శాసనాన్ని ఎవరు కాపాడాలి? లెడీ సయాడో (1846–1923) ఇచ్చిన జవాబు: గృహస్థులే. సయాడో అంటే గౌరవనీయుడైన గురు భిక్షువు. ఆయన రైళ్ళలో, ఐరావతి నది మీది స్టీమర్లలో దేశమంతా తిరిగాడు. కఠినమైన అభిధమ్మాన్ని మామూలు బర్మా పద్యాలలోకి దించి అచ్చు వేయించాడు. ఊరూరా అభిధమ్మం చదువుకునే బృందాలు పుట్టాయి. మన విషయానికి ఇది కీలకం. ఆ బృందాలు మొదట చదువు బృందాలు. తాము చదివిన విషయాలను తమ శరీరంలోనే గమనించి చూడాలని లెడీ చెప్పాడు. ఆ గమనించడమే విపశ్యన. రైలు, అచ్చుయంత్రం, పరాయి పాలన తెచ్చిన భయం, ఈ మూడూ లేకపోతే ఊరి బృందం పుట్టేది కాదని నా అభిప్రాయం. వలస పాలన మీద మీరు చదివిన పాఠాలలో ఇలాంటి సంస్కరణ ఉద్యమాలు మన దేశంలోనూ కనిపించాయి. పోల్చి చూడండి.

ఒక రైతు, ఒక గుమాస్తా

రంగూన్ నగరానికి నది అవతల ప్యాబ్వేజీ అనే పల్లె ఉంది. 1873లో అక్కడ పుట్టిన ఒక రైతును తరవాతి కాలంలో సాయా తెట్‌జీ అన్నారు. సాయా అంటే గురువు. 1903లో కలరా వచ్చి ఆయన కొడుకునూ చిన్న కూతురినీ తీసుకుపోయింది. ఆ దుఃఖంతో ఇల్లు విడిచి గురువుల కోసం తిరిగాడు, లెడీ సయాడో దగ్గరికి చేరాడు. కొన్నేళ్ళ సాధన తరవాత నువ్వు బోధించు అని లెడీ ఆయనకు చెప్పాడు. కాషాయం కట్టని మనిషికి, అందులోనూ ఒక రైతుకు అలాంటి అనుమతి దొరకడం మామూలు సంగతి కాదు. ఊళ్ళో కొందరు నవ్వారు కూడా. ఆయన తన ఊళ్ళోనే నేర్పాడు. పొలం పనులు చేసుకునేవారు వచ్చి కూర్చునేవారు.

1937 జనవరిలో రంగూన్ అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో పనిచేసే ఒక ఉద్యోగి ఈ పల్లెకు వచ్చాడు. పేరు ఊ బా ఖిన్. 1899లో పేద ఇంట పుట్టి, గుమాస్తాగా చేరి మెట్టుమెట్టూ ఎక్కినవాడు. 1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ శాఖకు అధిపతి అయ్యాడు. 1950లో తన కార్యాలయంలోనే ఉద్యోగుల కోసం విపశ్యన సంఘం పెట్టాడు. 1952లో రంగూన్‌లో ఒక చిన్న గుట్ట మీద ధ్యాన కేంద్రం వెలిసింది. మధ్యలో పగోడా, దాని చుట్టూ ఒక్కొక్కరు కూర్చునే చిన్న గదులు. శిక్షణ పది రోజులు. పది రోజులంటే ఏమిటో ఉద్యోగం చేసిన ఎవరికైనా అర్థమవుతుంది. సెలవు దొరికేది ఆ మాత్రమే. అభిధమ్మం కంఠస్థం చేయడం ఇక్కడ వెనక్కి పోయింది. మన బృందానికి అసలు నమూనా నీళ్ళ రేవు కాదు, తొట్లకొండ గది కూడా కాదు. ఫైళ్ళు కట్టిపెట్టి వచ్చిన గుమాస్తాల ఈ బృందమే.

దాదాపు అదే కాలంలో మరో మార్గమూ పెరిగింది. 1949లో ప్రధాని ఊ ను పిలుపు మీద మహాసి సయాడో (1904–1982) రంగూన్‌కు వచ్చాడు. శ్వాసతో పొట్ట పైకి లేవడాన్నీ కిందికి దిగడాన్నీ గమనించే ఆయన పద్ధతి ప్రభుత్వ అండతో దేశమంతా పాకింది. శ్రీలంక, థాయ్‌లాండ్ దాకా వెళ్ళింది.

రంగం వెళ్ళిన మనవాళ్ళు

ఈ కథలో తెలుగువారు లేరా? ఉన్నారు, కానీ హాలు బయట. ఉత్తరాంధ్ర వాళ్ళు రంగూన్‌ను "రంగం" అనేవారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలమంది రంగం వెళ్ళి రేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ వారిని "కోరంగీలు" అని పిలిచేవారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. రాజీ కుదరగానే ఆ బర్మా వారిని పొమ్మన్నారు. ఆ కోపం కొట్లాటగా మారి ఎందరో తెలుగువారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నదికి అవతల సాయా తెట్‌జీ తన ఊళ్ళో ధ్యానం నేర్పుతున్న ఏళ్ళే అవి. 1942లో జపాను సేనలు వచ్చాక మిగిలినవారిలో చాలామంది అడవులు దాటి నడిచి ఇంటికి చేరారు.

విపశ్యన మన దగ్గరికి ఈ కూలీలతో రాలేదు. అదే బర్మాలో, మాండలేలో 1924లో పుట్టిన మార్వాడీ వ్యాపారి సత్యనారాయణ గోయెంకాతో వచ్చింది. భరించరాని తలనొప్పికి మార్ఫిన్ తీసుకునే పరిస్థితిలో ఆయన 1955లో ఊ బా ఖిన్ శిబిరంలో చేరాడు. 1962 సైనిక కుట్ర తరవాత వ్యాపారాలు జాతీయం అయ్యాయి. 1969లో ఆయన భారతదేశానికి వచ్చాడు, జులై 3న బొంబాయిలో ఒక ధర్మశాలలో మొదటి శిబిరం మొదలైంది. 1976లో ఇగత్‌పురి కేంద్రం తెరుచుకుంది. ఆ ఏడాదే హైదరాబాదు శివారులో, నాగార్జునసాగర్ రోడ్డు వైపు ధమ్మఖేత్త అనే కేంద్రం వెలిసింది. శిబిరం ముగించుకున్నవారికి ఒక సూచన ఇస్తారు: రోజూ రెండుపూటలా కూర్చోండి, వారానికోసారి దగ్గరలో ఉన్న సాధకులతో కలిసి కూర్చోండి. మీ కాలనీ హాలులోకి చాపలు వచ్చింది ఆ సూచనతోనే. అమెరికాలో 1979లో జాన్ కబట్-జిన్ ఒక వైద్య కళాశాలలో దీర్ఘకాల నొప్పులున్న రోగుల కోసం తరగతి పెట్టి, మతం ఊసు లేకుండా ఇదే ఎరుకను నేర్పాడు. మీ ఫోనులో కనిపించే మైండ్‌ఫుల్‌నెస్ ఎక్కువగా ఆ శాఖది.

అశోకుని కాలంలో సోణుడు, ఉత్తరుడు అనే భిక్షువులు ఈ విద్యను సువర్ణభూమికి తీసుకెళ్ళారని, అక్కడ అది చెడకుండా నిలిచి మళ్ళీ పుట్టినింటికి వచ్చిందని సాధకులు నమ్ముతారు. ఆ నమ్మకాన్ని గౌరవించండి, కానీ పరీక్షలో దాన్ని ఆధారంగా రాయకండి. ఆ పరంపరలో మనం పేరు, తేదీ చెప్పగలిగిన ఆచరణ లెడీ సయాడో దగ్గర మొదలవుతుంది. ఇది కొత్తదని తేలితే విలువ తగ్గుతుందని కొందరు భయపడతారు. నాకు అలా అనిపించలేదు. పిల్లలను పోగొట్టుకున్న ఒక రైతు, సెలవు పెట్టి వచ్చిన ఒక గుమాస్తా కలిసి కట్టిన అలవాటు అని తెలిశాక ఆదివారం ఆ చాప మీద కూర్చోవడం నాకు ఇంకా దగ్గరగా అనిపించింది.

క్షేత్ర అభ్యాసం: మీ దగ్గరలోని ఏదైనా ధ్యాన బృందానికి వెళ్ళి మూడు విషయాలు కనుక్కోండి. మొదలుపెట్టింది ఎవరు, ఏ సంవత్సరం, వారు ఎక్కడ నేర్చుకున్నారు? పాత ఫోటో, హాజరు పుస్తకం, కరపత్రం ఏది దొరికినా తేదీ చూసి రాసుకోండి. అనుమతి లేకుండా ఎవరి పేరూ రాయకండి. మా బృందం మొదలుపెట్టినాయన ఇప్పుడు లేరు. ఆ సంవత్సరం ఏదని అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. హాలు అద్దె రసీదులు బీరువాలో ఉన్నాయంటున్నారు, తాళం ఇంకా దొరకలేదు.