పుండు మాన్పబోయి బరువు తగ్గించిన శస్త్రచికిత్స

కడుపులోని పుండును మాన్పుటకై పుట్టిన శస్త్రచికిత్స, ఆ పుండుతో ఏ సంబంధమును లేని స్థూలకాయులకు నేడు శరణ్యమైనదని తెలిసిననాటినుండి దాని వంశవృక్షమును వేళ్లదాక చూడవలెనను కుతూహలము నన్ను విడువలేదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు, అల్సరు నిమిత్తము జీర్ణాశయమున అధికభాగము తీసివేయబడిన స్త్రీలు పిమ్మట ఎంతకును ఒళ్లు చేయకుండుట కనిపెట్టెను. ఒక చికిత్సకు దోషముగా కనబడిన ఆ కృశత్వమే మరియొక వ్యాధికి ఔషధము కాగూడదా యని ఆయనకు తోచినది. 1966లో చికాషి ఇతో అను సహచరునితో కలిసి ఆయన చేసిన గ్యాస్ట్రిక్ బైపాస్‌కు ఈ ఊహయే బీజము.

స్థూలత్వమును మన పూర్వులు ఎరుగకపోలేదు. నిందితులైన ఎనమండుగురిలో చరకుడు అతిస్థూలుని కూడ చేర్చి, అతనికంటె కృశునికి చికిత్స చేయుట సులభమని తలచెను. అటుపిమ్మట శతాబ్దములను దాటి 1881 జనవరిలో వియన్నా నగరమున ఆగవలెను. అక్కడ థియొడార్ బిల్రోత్ ఒక స్త్రీ జీర్ణాశయమునుండి కేన్సరు సోకిన భాగమును కోసివేసి, మిగిలినదానిని పేగుతో కుట్టి, ఆమెను శస్త్రచికిత్సనుండి గట్టెక్కించెను. ఆ కుట్టు విద్యయే క్రమముగా అల్సరు చికిత్సకు దిగినది. అన్నము ప్రధానాహారముగా గల దక్షిణదేశమున డుయోడినల్ అల్సరు విశేషముగా నుండుటచే, జీర్ణాశయమును పేగుకు కలుపు ఆ ఆపరేషను మన పెద్దాసుపత్రులలో సర్వసాధారణమై యుండెను. 1982లో మార్షల్, వారెన్ అను ఆస్ట్రేలియా వైద్యులు పుండ్లకు హేతువైన సూక్ష్మజీవిని కనుగొనుటతో అల్సరుకు మాత్రలే చాలినవి. విద్య మాత్రము బైపాస్‌లో మిగిలినది.

మేసన్ కాలము ఈ కథ కంతకును ఆయువుపట్టు. అచ్చట కొంతసేపు నిలువక తప్పదు. ఆయనకు ముందే, 1954లో, మినెసోటా వైద్యులు చిన్నప్రేగులో చాల భాగమును ఆహారమార్గమునుండి తప్పించు పద్ధతిని ప్రకటించిరి. బరువైతే తగ్గెను గాని, విరేచనములు, మూత్రపిండములలో రాళ్లు, కాలేయ వైఫల్యము రోగులను వెన్నాడినవి. మినెసోటాలోనే విద్య నేర్చిన మేసన్, పేగును అంతగా దాటవేయుటకు మారుగా జీర్ణాశయమునే చిన్నదిగా విభజించి, ఆ పైభాగమును పేగుకు కలిపెను. 1977లో గ్రిఫెన్ ఆ కలయికను ఆంగ్లాక్షరమైన వై ఆకృతికి మార్చుటతో, పైత్యరసము వెనుకకు ఎగదన్నుట తగ్గినది. తాను కనిపెట్టిన బైపాస్‌లోని పోషకలోపములను స్వయముగా చూచిన మేసన్, 1980లో దానిని విడిచి, పేగును ముట్టక జీర్ణాశయమునే నిలువుగా కుదించి పట్టీ వేయు మరియొక పద్ధతికి మరలెను. కీర్తిని తెచ్చిన స్వీయసృష్టినే పరీక్షకు నిలిపిన ఆ సత్యనిష్ఠ నాకు మిక్కిలి పూజ్యము. రోగులు ఏండ్ల తరువాత ఎట్లున్నారో నమోదు చేయుటకై ఆయన ఒక పట్టికను కూడ స్థాపించెను. నూరేండ్లు నిండి 2020లో కన్నుమూసిన ఆ వైద్యుని నిజమైన వారసత్వము ఆ ఓపికయే.

స్లీవ్ అను మరియొక శస్త్రచికిత్స జన్మకథయు ఇట్టిదే. మిక్కిలి బరువైనవారికి పెద్ద ఆపరేషను ఒక్కమారుగా చేయుట ప్రమాదకరమని, మొదట జీర్ణాశయమును సన్నని గొట్టముగా కోసి, బరువు తగ్గిన పిమ్మట పేగుల పని చేయవలెనని మిషెల్ గాన్యే మొదలగువారు 2000 ప్రాంతమున సంకల్పించిరి. తొలిదశతోనే పలువురు చాలినంత తగ్గుటచే రెండవదశ అక్కరలేకపోయినది. అర్ధాంతరముగా ఆగిన ఆపరేషనే నేడు లోకమున అధికముగా జరుగునది.

ఈ చరిత్ర తెలిసినవారికి ఎంపిక కొంత సుగమమగును. స్లీవ్‌లో జీర్ణాశయమున ముప్పాతికకు పైగా తొలగింపబడును, పేగు చెక్కుచెదరదు, తీసినది మరల రాదు, పుల్లత్రేన్పులు, గుండెమంట గలవారికి అవి హెచ్చవచ్చును. బైపాస్ మధుమేహమునకును గుండెమంటకును మేలైనది, కాని ఇనుము, బి12, కాల్షియము జీవితాంతము తీసికొనక తప్పదు. ఒకే కలయికతో ముగియు మినీ బైపాస్ మనదేశమున ప్రచారమైనది. అందు పైత్యము ఎగదన్ను భయము కొంత కలదు. జీర్ణాశయము చుట్టు బిగించు పట్టీ దాదాపు మరుగునపడినది.

ఇక బీమా. స్థూలత్వము ఆయువును తగ్గించునని లెక్కగట్టినవారిలో జీవితబీమా సంస్థలు అగ్రగణ్యములు. అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ సంస్థ 1942-43లో వెలువరించిన ఎత్తుబరువుల పట్టికలు వైద్యులకే ప్రమాణములైనవి. అట్లు రోగమును గుర్తించిన బీమా వ్యవస్థయే దాని చికిత్సకు సొమ్మిచ్చుటకు పెక్కేండ్లు తటపటాయించుట శోచనీయము. 1991లో అమెరికా ఆరోగ్య సంస్థల సదస్సు, ఎత్తునుబట్టి బరువును కొలుచు బీఎమ్ఐ అను అంకె 40 ఉన్నవారికి, తీవ్రవ్యాధి తోడైనచో 35 ఉన్నవారికి, శస్త్రచికిత్స తగునని నిర్ణయించెను. మన బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకములలోను ఆ అంకెలే కనబడును: వైద్యుని సలహా ఉండవలెను, వయస్సు 18 నిండవలెను, బీఎమ్ఐ 40 గాని, లేదా 35తో పాటు గుండెజబ్బో, తీవ్రమైన స్లీప్ అప్నియాయో, అదుపు తప్పిన మధుమేహమో ఉండి ఇతరోపాయములు విఫలమై యుండవలెను.

నంద్యాల సీమలోని ఆళ్లగడ్డలో 160 సెంటీమీటర్ల ఎత్తున్న గృహిణి నొకతెను ఊహింతము. 82 కిలోల బరువు, అదుపులేని మధుమేహము. ఆమె బీఎమ్ఐ 32. అంకె 35కు చేరుటకు ఇంకను ఏడెనిమిది కిలోలు పెరుగవలెను! ఆసియావాసులకు తక్కువ బరువుననే మధుమేహము కమ్ముకొనునని గ్రహించిన అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘములు 2022లో మనవారికి 27.5నే ప్రమాణముగా సూచించినను, పాలసీలలో పాత అంకెయే నిలిచియున్నది. ఈ అన్యాయము తొలగవలెను. అందాక, పాలసీ తీసికొనునపుడే బరువును, మధుమేహమును దాచక చెప్పుడు. ముందున్న రోగములకు నిరీక్షణకాలము 2024నుండి మూడేండ్లకు మించరాదు. పథ్యము చేసిన చీటీలు, మందులు, పరీక్షల కాగితములు భద్రపరచుడు. ఆసుపత్రినుండి ముందస్తు అనుమతి వచ్చినపిమ్మటనే తేదీ నిర్ణయించుకొనుడు.

ఇక ఆ గృహిణి సీమ సంగతి. కర్నూలు-కడప (కె.సి.) కాలువ వరిమడులను విస్తరింపక మునుపు నంద్యాల సీమ కంచములలో కొర్రన్నము, జొన్నరొట్టె రాజ్యమేలినవి. 1906లో స్థాపితమైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానము సూర్యనంది వంటి కొర్ర వంగడములను ఇచ్చినను, ఆ ధాన్యము నిత్యాహారమునుండి జారి మధుమేహుల పథ్యమైనది. పోయిన ఆ తిండితో పాటు, ఇల్లిల్లును ఏండ్ల తరబడి ఎరిగిన వైద్యుడును పోయినాడు. మేసన్ కనుగొన్నది, గాన్యే గ్రహించినది రోగిని చికిత్స తరువాత విడువక కనిపెట్టుటచేతనే. కావున స్లీవా, బైపాసా యని అడుగుటకు ముందు, ఆరు మాసములకును ఆరేండ్లకును తనను చూచు వైద్యుడెవ్వడో, కర్నూలుకో హైదరాబాదుకో మరల మరల పోగలనో లేదో ఆళ్లగడ్డవాసి తేల్చుకొనవలెను. శస్త్రచికిత్స నాటి సొమ్ము బీమా ఇచ్చునేమో. పిమ్మటి మాత్రలు, పరీక్షలు, ప్రయాణములు తన ఖర్చే. ఆ ఖర్చును ముందుగా లెక్కవేసికొన్నవాడే ఈ శస్త్రచికిత్సకు అర్హుడు.