సముద్రం అడుగున ఒక మాస్టారి పేరు

విశాఖపట్నం అనగానే మనకి గుర్తొచ్చేవి పోర్టూ, స్టీల్ ప్లాంటూ. బీచ్ రోడ్డు కలిపితే మూడు. ఆంధ్రా యూనివర్సిటీ అంటారా, మనలో చాలామందికి అది ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టుకున్న ఒక కాలేజీ కోడు. ర్యాంకు వస్తే సీటు, రాకపోతే ఇంకో కోడు. అక్కడ రీసెర్చి అనేది ఒకటి జరిగిందనీ, దానికో చరిత్ర ఉందనీ మన ఐటీ వాళ్ళని పదిమందిని అడిగితే ఒక్కరైనా చెప్తారన్న నమ్మకం నాకు లేదు.

సరే, ఒక చిన్న క్విజ్. వైజాగ్ తీరానికి ఎదురుగా, సముద్రం అడుగున, నేల ఒక్కసారిగా లోతులోకి జారిపోయే చోట కొన్ని లోయలున్నాయి. వాటిలో మూడింటి పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. 1964లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు రాసిన పేపరు శీర్షికలోనే ఈ మూడూ ఉన్నాయి. ఆంధ్ర, కృష్ణ అంటే మనకి తెలిసిన పేర్లే. మధ్యలో ఈ మహదేవన్ ఎవరు? సంగీత దర్శకుడు మామ మహదేవన్ మాత్రం కాదు :)

ఈయన సి. మహదేవన్, జియాలజీ మాస్టారు. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర ఎక్స్-రేలతో పనిచేసి, తర్వాత హైదరాబాద్ సంస్థానం జియలాజికల్ సర్వేలో ఉద్యోగం చేసి, 1945లో వాల్తేరు వచ్చారు. రాళ్ళ మాస్టారు కదా, కొండల మీదకి వెళ్ళి రాళ్ళు కొట్టుకుంటూ కూర్చోవచ్చు. అది కూడా చేశారు. కానీ డిపార్ట్‌మెంటు బయటికొచ్చి చూస్తే కనపడేది సముద్రం. ఆ సముద్రాన్ని అప్పటికి మన దేశంలో జియాలజీ వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఈయన పట్టించుకున్నారు. బీచిలో నల్ల ఇసుక ఎందుకుంది, అందులో మోనజైట్ ఎంతుంది, 1933లో హార్బర్ తెరిచాక ఒడ్డున ఇసుక ఎటు కొట్టుకుపోతోంది... ఇవీ ఆయన శిష్యులకి దొరికిన ప్రశ్నలు. రామకృష్ణా బీచికి సాయంత్రం మొక్కజొన్న పొత్తులు తినడానికి వెళ్ళే మనకి అక్కడ ఇసుకే కనపడుతుంది. వాళ్ళకి అందులో పీహెచ్‌డీలు కనపడ్డాయి.

అక్కడితో ఆగి ఉంటే లోయకి పేరు వచ్చేది కాదు. సముద్రం లోపలి సంగతులు చెప్పేవాళ్ళు ఇక్కడ లేరు కాబట్టి తెలిసినవాణ్ణి బయట్నుంచి రప్పించారు. ఆ వచ్చినవాడే లాఫాండ్. అమెరికా నేవీ లాబొరేటరీలో పనిచేసే మనిషి, 1952లో ఫుల్‌బ్రైట్ మీద వాల్తేరు వచ్చాడు. 1955లో మళ్ళీ వచ్చాడు. మన నేవీ ఓడలు అడిగి తీసుకుని, వాటి మీద స్టూడెంట్లని ఎక్కించుకుని నీళ్ళ ఉష్ణోగ్రత, ఉప్పదనం, అడుగున మట్టి కొలిపించారు. గాలి ఒడ్డు వెంట వీస్తే లోపలి చల్లని నీళ్ళు పైకి ఎలా వస్తాయో ఈ తీరంలోనే చూశారు. 1954లో యూనివర్సిటీ ఈ పనినంతా ఒక పుస్తకంగా అచ్చేసింది, మహదేవన్ సంపాదకత్వంలో. 1958లో రెండో సంపుటం. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పెట్టింది 1966లో. అంటే అంతకు పన్నెండేళ్ళ ముందే వాల్తేరు కుర్రాళ్ళ పేర్లు అచ్చులోకి వచ్చేశాయి. మహదేవన్ 1962లో పోయారు. రెండేళ్ళకి లాఫాండ్ తన పేపర్లో ఆ పేరు రాశాడు.

నాకిక్కడ నచ్చిందేమిటంటే, తనకి రాని సబ్జెక్టులో శిష్యుల్ని తయారుచేశారు ఆ మాస్టారు. మనకి ఆఫీసులో ఏం చెప్తారు? మెంటర్ అంటే పైవాడు, అన్నీ తెలిసినవాడు, మూడు నెలలకోసారి గోల్స్ ఫారం నింపించేవాడు. మహదేవన్ పని వేరు. ప్రశ్న చూపించడం, తెలిసినవాణ్ణి పిలవడం, ఓడ సంపాదించడం, చివర్న అచ్చు వేయించడం. మధ్యలో ఈదాల్సింది కుర్రాళ్ళే.

ఇదే లక్షణం ఆ కాలం వాల్తేరు వాళ్ళలో ఇంకా కొందరిలో కనపడుతుంది. టి.ఆర్. శేషాద్రి గారు కుళితలై నుంచి వచ్చిన తమిళుడు, మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర చదివి 1933లో ఇక్కడ కెమిస్ట్రీలో చేరారు. కొత్త యూనివర్సిటీ, అంతంతమాత్రం లాబు. మరి దేని మీద పని చేయించారు? పత్తి పూలు, గోగు పూలు! వాటికి ఆ రంగు ఎక్కణ్ణుంచి వస్తుందో విడదీసి చూడటం. మన గోంగూర పువ్వే అండీ. తెచ్చుకోవడానికి ఓడ అక్కర్లేదు, ఫారిన్ ఎక్స్చేంజ్ అక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు విశాఖ మీద బాంబులేశారు. యూనివర్సిటీ బిల్డింగులు మిలిటరీ తీసుకుంది, డిపార్ట్‌మెంట్లు గుంటూరు వెళ్ళాయి. గోగు పూల మీద పేపర్లు ఆ ఏడాదివే. గాజు సామాను గోనెసంచుల్లో కట్టుకుని ఊరు మారిన లాబు నుంచి పేపర్లు వస్తూనే ఉండటమంటే, మన సర్వర్ మైగ్రేషన్ వీకెండ్లు గుర్తు తెచ్చుకోండి. శేషాద్రి 1949లో ఢిల్లీ వెళ్ళిపోయారు, 1960లో ఎఫ్ఆర్ఎస్ వచ్చింది.

ఫిజిక్సులో సూరి భగవంతం గారు. ఈయన కూడా రామన్ దగ్గర్నుంచి వచ్చినవారే, మన కృష్ణా జిల్లా ఆగిరిపల్లి. టి. వెంకటరాయుడుతో కలిసి గ్రూప్ థియరీ మీద రాసిన పుస్తకాన్ని 1948లో ఆంధ్రా యూనివర్సిటీయే వేసింది. స్ఫటికాల కంపనాల లెక్కలు వేసేవాళ్ళు ఇప్పటికీ ఈ ఇద్దరి పేర్లూ కలిపే చెప్తారు. భగవంతం తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్, రక్షణ మంత్రికి సైంటిఫిక్ అడ్వైజర్ అయ్యారు. అయినా పుస్తకం అట్ట మీద రెండో పేరు అలాగే ఉంది.

మీరు అడగొచ్చు, అంత గొప్ప చోటు నుంచి అందరూ బాగుపడే వెళ్ళారా అని. లేదు. అసలు నాకు ఎక్కువ గుర్తుండిపోయింది అక్కడ పని చెయ్యలేకపోయినవాడి సంగతి.

సి.ఆర్. రావు. కల్యంపూడి రాధాకృష్ణారావు. మెషిన్ లెర్నింగ్ కోర్సు చేసినవాళ్ళు క్రామర్-రావు బౌండ్ అనే మాట వినే ఉంటారు, ఆ రావు ఈయనే. 1920లో హడగలిలో పుట్టారు, నాన్నగారు పోలీస్ ఇన్‌స్పెక్టర్. రిటైరయ్యాక కుటుంబం వైజాగ్‌లో స్థిరపడింది. ఏవీఎన్ కాలేజీలో ఇంటర్, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఎ., 1940లో ఫస్ట్ క్లాసు, ఫస్ట్ ర్యాంకు. అక్కడే రీసెర్చి చేద్దామని స్కాలర్‌షిప్పుకి అప్లై చేశారు. అప్లికేషన్ ఆలస్యంగా వచ్చిందని తిరగ్గొట్టారు!

తర్వాత ఆర్మీ సర్వే యూనిట్లో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు, అదీ రాలేదు. అక్కడ ఉన్న నాలుగు రోజుల్లో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగు తీసుకుంటున్న ఒకాయన పరిచయమయ్యాడు. అలా ఒక చోటు ఉందని తెలిసి, 1941 జనవరి 1న అందులో చేరారు. ఆంధ్రా యూనివర్సిటీ గుమాస్తా దగ్గర ఆగిన కాగితం స్టాటిస్టిక్స్‌కి లాభించింది అనుకోవచ్చు. నేను అలా అనుకోను. కలకత్తాలో ఆ మనిషి తగలకపోతే ఏమయ్యేది? అలా ఎవరూ తగలనివాళ్ళ పేర్లు మనకి ఎలాగూ తెలియవు.

ఆయన గురువుగా మారాక కథ ఇంకా బాగుంటుంది. కలకత్తాలో పాఠం చెప్తూ, శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు వర్తించే ఫిషర్ ఫలితం ఒకటి చెప్పారు. క్లాసులో దండేకర్ అనే స్టూడెంటు (తర్వాత ఆర్థికవేత్తగా పేరొచ్చిన వి.ఎం. దండేకరే) లేచి, మరి చిన్న శాంపిల్‌కి ఇలాంటిది లేదా అని అడిగాడు. రావు ఆ రాత్రి కూర్చుని సాధించి మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ పేపర్లోదే మన బౌండ్. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు లేవు, పీహెచ్‌డీ లేదు. ఆ ప్రశ్నని సిలబస్‌లో లేదు కూర్చో అని నొక్కేసి ఉండొచ్చు కదా. తర్వాత కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే 1948లో పీహెచ్‌డీ చేశారు. ఒప్పుకోవడానికి ఫిషర్ పెట్టిన షరతు, తన లాబులో ఎలుకల పెంపకంలో పని చెయ్యాలని!

తన దగ్గరకొచ్చిన పిల్లల్ని ఆయన ఎలా చూశారో వరదన్ సంగతి చెప్తుంది. ఎస్.ఆర్.ఎస్. వరదన్ స్టాటిస్టిక్స్ చేద్దామని వచ్చి, అక్కడి సీనియర్లు వరదరాజన్, రంగారావు, పార్థసారథిలతో పడి ప్రాబబిలిటీలోకి వెళ్ళిపోయాడు. కాగితం మీద గైడు రావు గారు, రోజూ కొట్టుకుని నేర్చుకున్నది ఆ నలుగురూ ఒకరి దగ్గర ఒకరు. రావు గారు అడ్డుపడలేదు. పైగా 1962లో రష్యా నుంచి కొల్మొగొరోవ్ వస్తే ఆయన ముందే ఆ కుర్రాడి చేత మాట్లాడించి, థీసిస్ పరీక్షకుల్లో ఆయన్ని కూడా పెట్టారు. 2007లో వరదన్‌కి ఏబెల్ ప్రైజ్ వచ్చింది. రావు గారు 2023 ఆగస్టులో 102 ఏళ్ళకి పోయారు.

ఇదంతా నేను తవ్వి చదవడానికి కారణం బీటెక్‌లో మా రూమ్మేటు. మా బ్యాచ్‌లో ఉద్యోగం వద్దని పీహెచ్‌డీలో చేరింది వాడొక్కడే. ఎక్కడన్నది వదిలేయండి. మూడేళ్ళలో గైడు వాడితో కూర్చున్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. టాపిక్ రెండుసార్లు మారింది, బ్యాంకు పనులూ, ఆయన గారి కొడుకు ప్రాజెక్టు రిపోర్టూ మాత్రం చేశాడు. పోయినేడాది ఆపేసి మా కంపెనీలోనే టెస్టింగ్‌లో చేరాడు. చక్కగా చేస్తున్నాడు, జీతం బాగానే ఉంది. లంచ్‌లో పాత డేటా గురించి మొదలుపెడితే మాత్రం ప్లేట్లో అన్నం చల్లారిపోతుంది.

రిజిస్ట్రేషన్ ఇంకా క్యాన్సిల్ కాలేదట. అదే యూనివర్సిటీలో ఇంకో డిపార్ట్‌మెంటు మేడం ఒకావిడ వాడి పాత డేటా చూసి, గైడ్ మార్పుకి అప్లై చేసుకో, నేను తీసుకుంటాను అన్నారట. వాడు తేల్చుకోలేకపోతున్నాడు, ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. ఫారం ప్రింటు తీసి మొన్న వాడి డెస్కు మీద పెట్టాను. చివరి తేదీ వచ్చే నెల 15.