గిటారుపై చిటికెన వ్రేలు

చేతి వ్రేళ్ళలో మిక్కిలి చిన్నది చిటికెన వ్రేలు. వాద్యకారుని చేతిలో దానికి లభించిన స్థానం మాత్రం వాద్యాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతూ వచ్చినది. మన వైణికులు ఎడమచేతి చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు అనే రెండింటితోనే వీణ యొక్క 24 మెట్లపై సంచరిస్తారు. తంత్రిని ప్రక్కకు లాగి గమకాన్ని పలికించటానికి ఆ రెండింటి ఉమ్మడి బలం కావలసి ఉన్నది. కుడిచేతి చిటికెన వ్రేలు తాళపు తంత్రులను మీటుతుంది. ఐరోపాలో గిటారుతోపాటు ఈ వ్రేలు వేరొక దారిన నడిచినది.

16వ శతాబ్దిలో అక్కడ ల్యూట్ అనే తంత్రీవాద్యాన్ని వాయించేవారు కుడిచేతి చిటికెన వ్రేలిని వాద్యపు పలకపై ఆన్చి, చేతికి ఆధారంగా ఉంచుకొనేవారు. ఆ అలవాటు గిటారుకూ సంక్రమించినది. 1830లో తన గిటారు బోధినిని ప్రకటించిన స్పెయిన్ విద్వాంసుడు ఫెర్నాండో సోర్ కూడ అప్పుడప్పుడు ఆ వ్రేలిని ఊతగా వాడుకొన్నవాడే. కుడిచేతిలో ఇట్లు ఊతకర్రగా మిగిలిన వ్రేలే ఎడమచేతిలో స్వరాలు పలికించే బాధ్యత వహించినది. స్వరలిపిలో ఎడమచేతి చూపుడు వ్రేలికి 1, చిటికెన వ్రేలికి 4 గుర్తులు.

ఈ నాలుగవ వ్రేలి అవసరం ఎట్టిదో మన శంకరాభరణాన్నే తీసుకొని చూడవచ్చును. సన్నని తంత్రిని మొదటిదిగా లెక్కించి, ఐదవ తంత్రి మూడవ మెట్టుపై షడ్జాన్ని నడిమి వ్రేలితో ప్రారంభిద్దాము. అదే తంత్రి ఐదవ మెట్టుపై రిషభం చిటికెన వ్రేలిది. నాలుగవ తంత్రిపై గాంధారం చూపుడు వ్రేలికి, మధ్యమం నడిమి వ్రేలికి, పంచమం మరల చిటికెన వ్రేలికి వస్తాయి. మూడవ తంత్రిపై ధైవతం చూపుడు వ్రేలిది, నిషాదం ఉంగరపు వ్రేలిది, పై షడ్జం చిటికెన వ్రేలిది. ఎనిమిది స్వరాలలో మూడు దానివే. రెండవ మెట్టు మొదలు ఐదవ మెట్టు వరకు నాలుగు మెట్లకు నాలుగు వ్రేళ్ళు. చేయి కదలనే లేదు. ద్రుతకాలంలో స్వరధార తెగకుండుటకు వ్రేళ్ళ వేగం కంటె చేయి నిలుకడ ముఖ్యం.

ఈ వ్రేలు బలహీనమైనదనే మాట సర్వసాధారణం. పాఠకులు చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. నడిమి వ్రేలిని లోనికి మడిచి, అరచేతిని బల్లపై ఆన్చి, తక్కిన వ్రేళ్ళను ఒక్కొక్కటిగా ఎత్తండి. చిటికెన వ్రేలు లేస్తుంది. ఉంగరపు వ్రేలు లేవదు. చిటికెన వ్రేలిని ఎత్తుటకు ప్రత్యేకమైన కండరం ఒకటి ఉన్నది. ఉంగరపు వ్రేలికి అది లేదు. కావున దీని లోపం పొట్టిదనం, తంత్రులకు దూరంగా ఎగిరిపోయే అలవాటు. విలంబకాల సాధనతో ఆ అలవాటు మానుతుంది.

ఇంతలో ఒక ఆక్షేపణ వినవస్తుంది: జాంగో రైన్‌హార్ట్ రెండు వ్రేళ్ళతోనే వాయించలేదా? అతడు 1910లో బెల్జియంలో సంచారజీవులైన రోమా కుటుంబంలో జన్మించినాడు. 1928 నవంబరులో పారిస్ చెంత అతని బండియింటిలో అగ్నిప్రమాదం జరిగినది. భార్య అమ్మకానికి తయారుచేసిన సెల్యులాయిడ్ పూలు అంటుకొన్నవి. పద్దెనిమిదేండ్ల జాంగో కాలు తీసివేయవలెనన్నారు వైద్యులు, అతడు ఒప్పుకొనలేదు. ఎడమచేతి ఉంగరపు వ్రేలు, చిటికెన వ్రేలు ముడుచుకొనిపోయినవి. నెలల తరబడి సాధన చేసి, మిగిలిన రెండు వ్రేళ్ళను తంత్రుల పొడవునా పరుగెత్తించే క్రొత్త పద్ధతిని కల్పించుకొన్నాడు. 1934లో వయొలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెల్లితో కలిసి ఐదుగురి వాద్యబృందాన్ని నడిపి, జాజ్ సంగీతంలో గిటారుకు ప్రముఖ స్థానం సంపాదించి, 1953లో కన్నుమూసినాడు.

ఆ 1953లోనే ఆంద్రే సెగోవియా తన స్వరసాధన గ్రంథాన్ని ప్రకటించినాడు. అందులో నాలుగు వ్రేళ్ళకూ సమానమైన పని ఉన్నది. ఈ ఇరువురి మార్గాలు పరస్పర విరుద్ధాలని భావించనక్కరలేదు. జాంగో చిటికెన వ్రేలిని వలదనుకొని విడిచినవాడు కాడు; అగ్ని దానిని అపహరించినది. స్వరాల పరుగులో అది పనికిరాకపోయినా, పలు స్వరాలను ఒక్కసారి పలికించే చోట ముడుచుకొన్న ఆ వ్రేలినే పై తంత్రులపై నొక్కి వాడుకొన్నాడు. కాలిన వ్రేలితో సైతం చేతనైనంత పని చేయించుకొన్న వాని పేరు చెప్పి, చక్కని వ్రేలిని సోమరిగా ఉంచుట ఆ కళాకారునికి న్యాయం చేసినట్లు కాదు.