అరువు తీగల జడ

1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ కచేరీ జరిగింది. వచ్చిన జనం సుమారు 55,600. గిటార్ల కోసం వాక్స్ కంపెనీ ప్రత్యేకంగా 100 వాట్ల ఆంప్లిఫయర్లు తయారుచేసి ఇచ్చింది. గొంతులు మాత్రం బేస్‌బాల్ ఆటల్లో ప్రకటనలు చేసే స్టేడియం స్పీకర్లలోంచే రావలసి వచ్చింది. ఆ కేకల హోరులో పాట జనం చెవిన పడకపోవడం అటుంచి, తాము ఏం వాయిస్తున్నారో వాయించేవాళ్ళకే వినబడలేదు.

పదేళ్ళు తిరిగేసరికి కథ మారింది. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం ఊరూరా మోసుకుతిరిగిన ‘వాల్ ఆఫ్ సౌండ్’ బరువు సుమారు 75 టన్నులు. కొండల్లాంటి ఆ స్పీకర్లు అందరి కంటా పడ్డాయి. ఎవరూ అంతగా పట్టించుకోని మార్పు మరొకటి ఉంది. మిక్సర్ ముందు కూర్చునే మనిషి వేదిక పక్కనుంచి లేచి జనం మధ్యకు వచ్చాడు. జనానికి ఏం వినబడుతోందో అక్కడ కూర్చుంటేనే కదా తెలిసేది! దాంతో వేదిక మీది ప్రతి మైకు నుంచీ వైరు యాభై మీటర్లో, అంతకంటే ఎక్కువో సాగి అతని దగ్గరికి రావలసి వచ్చింది.

24 మైకులకు 24 వైర్లు విడివిడిగా లాగితే పరిచేసరికే సగం పొద్దు పోతుంది. అందుకే అన్నిటినీ ఒకే తొడుగులో పెట్టారు. అదే మల్టీకోర్. అమెరికన్లు దాన్ని ‘స్నేక్’ అంటారు. రాచెస్టర్‌లో 1975లో మొదలైన వర్ల్‌విండ్ కంపెనీ తన స్నేక్‌కు మెడూసా అని పేరు పెట్టుకుంది. గ్రీకు పురాణంలో తలనిండా పాములే జుట్టుగా ఉన్న ఆవిడ పేరది. మన కంటికైతే కొస విప్పేసిన జడలా కనిపిస్తుంది.

విచిత్రమేమిటంటే, ఆ జడలోని పాయలన్నీ దాదాపుగా వేరే పనులకోసం పుట్టినవే.

మొదటి పాయ టెలిఫోనుది. రెండు తీగల్ని మెలిపెట్టి పంపే పద్ధతికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లో పేటెంటు తీసుకున్నాడు. మైకు నుంచి వచ్చే విద్యుత్తు వోల్టులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. దారిలో లైట్ల వైర్లూ జనరేటరు వైర్లూ తగిలితే వాటి గుర్రుమనే మోత ఇందులోకి దూరుతుంది. తీగలు రెండూ మెలిపడి ఉంటే ఆ మోత రెండింటిలోకీ సమానంగానే దూరుతుంది. మిక్సర్ ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి మోత కొట్టుకుపోయి పాట మిగులుతుంది. గిటారుకు గుచ్చే పావు అంగుళం జాక్ కూడా పాత టెలిఫోన్ ఎక్స్చేంజి బోర్డు నుంచి వచ్చిందే.

మైకు వైరు కొసన ఉండే మూడు పిన్నుల కనెక్టర్‌ది మరో దారి. జేమ్స్ క్యానన్ 1915లో లాస్‌ఏంజిలెస్‌లో పెట్టిన కంపెనీ ‘ఎక్స్’ రకం కనెక్టర్ చేసింది. లాగితే ఊడిరాకుండా దానికి కొక్కెం చేర్చి ఎక్స్‌ఎల్ అన్నారు. రబ్బరులో కాంటాక్టులు అమర్చాక ఎక్స్‌ఎల్ఆర్ అయింది. మన మైకు సెట్ల వాళ్ళ నోట ‘క్యానన్ పిన్ను’ అన్న మాట ఆ కంపెనీ పేరే. దాన్నోసారి దగ్గరగా చూడండి. ఒకటో నంబరు పిన్ను షీల్డుది, అంటే మెలి తీగల చుట్టూ ఉండే ఎర్త్ తొడుగుది. ఆడ కనెక్టర్‌లో దాని కాంటాక్టు కాస్త ముందుకు ఉంటుంది, ఎర్త్ ముందు తగిలి ‘టప్’మనే చప్పుడు తగ్గాలని. మెలి తీగల్లో ‘హాట్’ అనేది రెండో పిన్నుకు, ‘కోల్డ్’ అనేది మూడో పిన్నుకు. ఈ వరుస మీద చాలాకాలం ఏకాభిప్రాయం లేదు. మూడో పిన్నునే హాట్ చేసిన కంపెనీలూ ఉండేవి. 1992లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ప్రమాణంతో తగవు తీరింది.

కరెంటు అందిస్తేనే పనిచేసే కండెన్సర్ మైకులకు అదే వైరులో పంపే 48 వోల్టులది ఇంకా తమాషా కథ. 1966లో నార్వే రేడియో కోసం న్యూమన్ కంపెనీ మైకులు చేసిచ్చింది. అక్కడి స్టూడియోల్లో అత్యవసర దీపాలకు 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దానితోనే సరిపెట్టారు. నేటికీ ప్రపంచమంతా అదే అంకె.

ఊరూరూ తిరిగే బృందాలకు అసలు పరీక్ష విప్పి మళ్ళీ కట్టడంలో ఉంది. 24 చానెళ్ళంటే ఒక్కోదానికి మూడు చొప్పున 72 కండక్టర్లు, రెండు కొసలా కలిపి 144 సోల్డర్ అతుకులు. చీకట్లో, లారీ కదిలే వేళకు ఇరవై నాలుగు క్యానన్ పిన్నులు ఒక్కొక్కటే ఊడబెరకడం కంటే అన్నిటినీ కలిపిన ఒకే పెద్ద కనెక్టర్ మేలనిపించింది. అదీ అరువే. గుండ్రటి మల్టీపిన్ను సైనిక విమానాలది. మీట నొక్కి బిగించే పలకల కనెక్టర్, హార్టింగ్ కంపెనీది, జర్మనీ కార్ఖానాల యంత్రాలది. ఇలాంటి కనెక్టర్‌లో ఒక్క పిన్ను వంగితే ఒక పాటగాడి గొంతే పోతుంది. అందుకే ఊడదీసిన వెంటనే మూత పెట్టేవాడే ఈ పనిలో పనివాడు.

వేదిక కోసమే పుట్టినదంటూ ఒకటుంటే అది స్పీకాన్. లీచ్‌టెన్‌స్టయిన్‌లోని న్యూట్రిక్ కంపెనీ దాన్ని 1987లో తెచ్చింది. అంతకుముందు స్పీకర్లకు జాక్‌లో, క్యానన్‌లో వాడేవారు. జాక్ ఊడేటప్పుడు షార్టయ్యేది. క్యానన్ అయితే మైకు లైనో స్పీకరు లైనో తెలియక తికమక. స్పీకాన్‌ను గుచ్చి మెలితిప్పితేనే పట్టుకుంటుంది. మైకు సాకెట్‌లోకి అది పోనే పోదు.

ఇప్పుడు జడ సన్నబడింది. ఆఫీసు కంప్యూటర్ల నెట్‌వర్క్ వైరు మీద శబ్దం పంపే పద్ధతులు 1990ల్లో మొదలయ్యాయి. 2006లో ఆస్ట్రేలియా వాళ్ళు డాంటే అనే అలాంటి పద్ధతిని తెచ్చారు. డజన్లకొద్దీ చానెళ్ళు చిటికెన వేలంత వైరులో, 100 మీటర్ల దూరం దాకా పోతున్నాయి. ఆ వైరు కోసి చూస్తే లోపల ఉన్నవి నాలుగు మెలి జతలు, బెల్ పేటెంటు తీసుకున్న మెలికే. దాని కొసనున్న ప్లాస్టిక్ క్లిప్పు లారీ ఎక్కి దిగే బతుక్కు ఆగదని న్యూట్రిక్ వాళ్ళు చుట్టూ క్యానన్ కొలతల్లో లోహపు గుల్ల తొడిగారు.

వైరు మారినా మైకు మారలేదు. అత్యాధునిక డిజిటల్ వేదిక మీద కూడా మైకు వైరును పెట్టెలో గుచ్చేది ఇప్పటికీ ఆ మూడు పిన్నుల క్యానన్‌తోనే.