మూర్ఛకు కత్తి: కోయాలా, వద్దా?

1886 మే 25. లండన్ క్వీన్ స్క్వేర్ ఆస్పత్రిలో బల్ల మీద ఇరవై రెండేళ్ల స్కాట్లాండ్ యువకుడు. ఏడేళ్లప్పుడు ఎడింబరో వీధిలో గుర్రబ్బండి కింద పడితే పుర్రె లోపలికి నొక్కుకుపోయింది. తర్వాత ఫిట్స్ పట్టుకున్నాయి, వదల్లేదు. సర్జన్ విక్టర్ హార్స్‌లీ కూడా కుర్రాడే, ఇరవై తొమ్మిదేళ్లు. ఆయన దగ్గర స్కాన్ లేదు, మెదడు తరంగాలు చూపే ఈఈజీ లేదు. పాత దెబ్బ తాలూకు గుర్తు ఉంది, పక్కన డాక్టర్ జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ ఉన్నాడు. వణుకు బొటనవేలితో మొదలైందా, మూతి కొసతోనా, అక్కణ్ణుంచి ఎటు పాకింది అన్నది ఓపిగ్గా చూసి, మెదడులో తప్పు ఎక్కడుందో లెక్కగట్టిన మనిషి ఆయన. హార్స్‌లీ మెదడు మీది మచ్చ తీసేశాడు, ఫిట్స్ ఆగాయి.

ఒక రకంగా ఆ నిర్ణయం తేలికే. కోయాల్సిన చోటు పైకి కనిపిస్తోంది. మందంటారా, అప్పటికి చెప్పుకోదగ్గది 1857 నుంచీ వాడుతున్న బ్రోమైడ్ ఒక్కటే, అది మనిషిని మత్తులో ముంచేది. అసలు చిక్కు తలకు ఏ దెబ్బా తగలనివాళ్లతో వచ్చింది.

ఆ చిక్కు మీద ఎక్కువ కుస్తీ పట్టింది కెనడాలోని మాంట్రియల్‌లో సర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్. 1928లో సొంత అక్క రూత్‌కు ఫిట్స్ వెనక మెదడు గడ్డ ఉందని తేలితే ఆపరేషన్ తనే చేశాడు. గడ్డ పూర్తిగా రాలేదు. ఆవిడ మరో రెండు మూడేళ్లే బతికింది. సొంతవాళ్ల తల మీద సొంత చేత్తో కత్తి పెట్టడం ఈనాడు ఆస్పత్రులు సాధారణంగా ఒప్పుకోని పని. 1934లో ఆయన మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ తెరిచాడు. అక్కడ రోగి మెలకువగానే ఉండేవాడు. మెదడుకు నొప్పి తెలియదు, తలచర్మానికి మత్తిస్తే చాలు. సన్నటి కరెంటు తీగతో ఒక్కో చోటూ తాకుతూ ఏమనిపిస్తోందని అడిగేవారు. చెయ్యి జలదరించిందంటే ఆ చోట ఓ అంకె చీటీ. మాట ఆగిపోతే అక్కడికి కత్తి వెళ్లదు. హద్దు గీయడంలో రోగి మాట చెల్లేది.

మాట అయితే అడిగి తెలుసుకోవచ్చు, మరి జ్ఞాపకం? 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో సర్జన్ విలియం స్కోవిల్ దగ్గరికి హెన్రీ మొలైసన్ వచ్చాడు. ఇరవై ఏడేళ్లు, ఎన్ని మందులు మింగినా ఉద్యోగం నిలవని జబ్బు. ఈఈజీలో తప్పు ఫలానా చోట ఉందని తేలలేదు. తేలకపోయినా స్కోవిల్ రెండు వైపులా కణతల దగ్గరి మెదడు లోపలి భాగాలు తీసేశాడు. ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ హెన్రీ 2008లో కన్నుమూసేదాకా కొత్త సంగతులు దాదాపు ఏవీ గుర్తుంచుకోలేకపోయాడు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన్ని పరీక్షించి 1957లో స్కోవిల్‌తో కలిసి ఆ నష్టాన్ని లోకానికి చెప్పింది. సర్జరీకి ముందు జ్ఞాపకశక్తిని పరీక్షించడం ఆ తర్వాతే గట్టిపడింది. జపాన్ డాక్టర్ జున్ వాడా కనిపెట్టిన పద్ధతిలో మెదడును ఒక్కో పక్కే కాసేపు నిద్రపుచ్చి, మాట ఎటుందో, జ్ఞాపకం ఎటుందో చూసేవారు.

మాంట్రియల్ విద్య చిత్తూరు పొరుగుకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకున్న జేకబ్ చాందీ 1949లో వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో న్యూరో విభాగం పెట్టాడు. 1952 ఆగస్టు 25న, న్యూరాలజిస్టు బల్దేవ్ సింగ్ తోడుగా, దేశంలో తొలి మూర్ఛ ఆపరేషన్ అక్కడే జరిగింది. తర్వాత ఆ ఊపు తగ్గింది. 1995లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ దీనికి ప్రత్యేక కార్యక్రమం పెట్టాక మళ్లీ జోరందుకుంది.

ఈ మధ్యలో మన ఇళ్లలో లెక్క వేరే నడిచింది. 1976 సవరణతో హిందూ వివాహ చట్టం పదేపదే మూర్ఛ వచ్చేవాళ్లను పెళ్లికి అనర్హులను చేసింది. 1999లో గానీ ఆ మాట తీసేయలేదు. సంబంధాలు చూసే ఇంట్లో మాత్రలు బీరువాలో దాచొచ్చు, గుండూ కుట్లూ ఎక్కడ దాస్తారు? ఆపరేషన్ మాట వాయిదా పడటానికి భయం ఒక్కటే కారణమనుకోలేం.

భయానికి జవాబుగా అంకెలు ఆలస్యంగా వచ్చాయి. కెనడాలోనూ ఒక లండన్ ఉంది. అక్కడి డాక్టర్లు 80 మంది మూర్ఛ రోగులను చీటీ వేసినట్టు రెండుగా విడదీసి, 2001లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత, స్పృహ తప్పించే ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ వర్గంలో నూటికి 58, మందుల వర్గంలో 8. మందుల వర్గంలో ఒకరు చనిపోయారు కూడా. 2010కల్లా అంతర్జాతీయ నిపుణులు గీత గీశారు: సరిగ్గా ఎంచిన రెండు మందులు, సరైన మోతాదులో వాడినా లొంగకపోతే అది మందుకు లొంగని మూర్ఛే.

2017లో ఢిల్లీ ఎయిమ్స్ 116 మంది పిల్లల ఫలితాలు ప్రచురించింది. ఏడాదికి ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 77 మందికి ఫిట్స్ లేవు, మందులతోనే ఉన్నవాళ్లలో 7 మందికి. దానికి చెల్లించిన మూల్యమూ అందులోనే రాసి ఉంది: ఆపరేషన్ అయిన 57 మందిలో 19 మందికి తీవ్రమైన ఇబ్బందులు, వాళ్లలో 15 మందికి ఒక పక్క కాలూ చెయ్యీ బలహీనపడ్డాయి. మందుల వర్గంలో పడ్డ 59 మంది ఆపరేషన్ వద్దన్నవాళ్లు కాదు. వాళ్ల పేర్లు అప్పటికి వెయిటింగ్ లిస్టులో ఉండేవి.