చర్లలో భూమి కేసు, వకీలు: 1917 నుంచి నడుస్తున్న కథ

మన చర్ల దిక్కు భూమి తగాదా వస్తే అందరూ ముందు అడిగేది "మంచి వకీలెవరన్నా?" అనే. నన్నడిగితే, ఆ కేసు ఎవరి ముందు నడుస్తదో ముందు తెలుసుకోవాలి. మైదానంలో పేరున్న వకీలు కూడా ఇక్కడ తికమక పడతాడు. దానికి కారణం చాలా పాతది.

పాత భద్రాచలం తాలూకా 1874లో గోదావరి జిల్లాలో కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ కిందికొచ్చింది. ఏజెన్సీలో కలెక్టరే ఏజెంటు, సివిల్ తగాదాలూ రెవెన్యూ అధికారులే విన్నరు. షావుకార్ల అప్పుకింద కొండజాతుల భూములు పోతున్నయని 1917లో చట్టం తెచ్చి, వడ్డీకి హద్దు పెట్టిన్రు. ఏజెంటు రాతపూర్వక అనుమతి లేకుండా గిరిజనేతరుడికి భూమి రాసిస్తే చెల్లదన్నరు. 1959లో తాలూకా ఖమ్మం జిల్లాకు మారింది. కొత్త రెగ్యులేషనూ ఆ ఏడే వచ్చింది.

అసలు మలుపు 1970 ఫిబ్రవరి 3. మనం 1/70 అనేది దీన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకుంటరు; కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. తెల్లకాగితం ఒప్పందాలు ఎన్ని చూపినా ఇక్కడ నిలవవు. కొన్నోళ్లు సుప్రీంకోర్టు దాకా పోయిన్రు, 1988లో కోర్టు చట్టం సరైనదేనని తేల్చింది. విశాఖ ఏజెన్సీలో బొర్రా గనుల లీజుల మీద సమత సంస్థ హైకోర్టులో ఓడి, 1997లో సుప్రీంకోర్టులో గెలిచింది. సర్కారు కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకియ్యరాదని తీర్పు.

అందుకే 1/70 కేసు భద్రాచలంలో గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర నడుస్తది, అప్పీలు ఏజెంటు దగ్గరికి పోతది. వకీలును కుదుర్చుకునేటప్పుడు ఇసొంటి కేసులు ఎన్ని నడిపిండో, ఎవరి తరఫున నడిపిండో మొహమాటం లేకుండా అడగండి. రెండో ప్రశ్నే ముఖ్యం.

ఫీజు లేదని ఆగొద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద ఎస్టీలకు, ఎస్సీలకు, ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా వకీలు ఉచితం. 15100కు ఫోన్ చేసినా చెప్తరు.

పోడు సంగతి వేరు. 2006 అటవీహక్కుల చట్టం కింద గ్రామసభ, దాని మీద డివిజన్ కమిటీ, ఆపైన జిల్లా కమిటీ. ఒకచోట కాదంటే పై కమిటీకి పోను 60 రోజులే గడువు. కాబట్టి "నీ అర్జీ పోయింది" అని నోటిమాటతో పంపిస్తే, తేదీ వేసి రాసిమ్మని అక్కడే అడగండి.