బలహీన సెల్ కోసం వెతుకులాట

గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసిన లెడ్-యాసిడ్ బ్యాటరీ బండి ఎక్కడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1881లో కమీల్ ఫోర్ పలకల మీద సీసపు ఆక్సైడ్ ముద్ద పూసే పద్ధతి తెచ్చాక తక్కువ బరువులో ఎక్కువ విద్యుత్తు నిలిచింది. అదే ఏడాది గుస్తావ్ త్రూవే పారిస్ వీధిలో విద్యుత్ ట్రైసైకిల్ నడిపాడు. అయితే ఒక సెల్ ఇచ్చేది సుమారు 2 వోల్టులే. కారు నడవాలంటే పదుల కొద్దీ సెల్స్‌ను సిరీస్‌లో కలపాలి. చిక్కు అక్కడే మొదలైంది.

సిరీస్‌లో అన్నిటి గుండా పారే కరెంటు ఒక్కటే. సామర్థ్యం తగ్గిన సెల్ ముందుగా ఖాళీ అవుతుంది. మిగతావి ఇంకా కరెంటును నెడుతూనే ఉంటాయి కనుక దాని ధ్రువాలు తారుమారై అది మరింత చెడుతుంది. చూసేవారికి మాత్రం ప్యాకంతా పోయినట్టే ఉంటుంది.

డిశ్చార్జి అయ్యేకొద్దీ గంధకామ్లం పలకల మీద సల్ఫేటుగా మారి ద్రవం పలచబడుతుందని 1882లో రసాయన శాస్త్రవేత్తలు గ్లాడ్‌స్టన్, ట్రైబ్ వివరించారు. సెల్ నిండుగా ఉంటే ద్రవం సాపేక్ష సాంద్రత (గ్రావిటీ) 1.280 దరిదాపుల్లో ఉంటుంది, ఖాళీ అయితే 1.150 కిందికి దిగుతుంది. 1907లో మొదలైన డెట్రాయిట్ ఎలక్ట్రిక్ లాంటి కార్ల కాలంలో, రబ్బరు బల్బు ఉన్న గాజు హైడ్రోమీటరుతో సెల్ సెల్‌కూ గ్రావిటీ చూడటమే మెకానిక్కుకు ప్రధాన ఆధారం. పక్కవాటికన్నా 0.050 తగ్గిన సెల్‌ను అనుమానించాలన్నది నేటికీ నడిచే లెక్క. దీనికీ లొసుగుంది. యాసిడ్ ఒలికిన సెల్‌లో నీళ్లు పోసి నింపినా గ్రావిటీ తగ్గుతుంది. అప్పుడు కాడ్మియం పరీక్ష అక్కరకొచ్చేది: కాడ్మియం కడ్డీని యాసిడ్‌లో ముంచి, దానికీ ఒక్కో రకం పలకకూ మధ్య వోల్టేజి విడిగా కొలిచేవారు. దోషం పాజిటివ్ పలకలదో నెగటివ్ పలకలదో తేలిపోయేది. ఇప్పుడు దాదాపు మరుగునపడింది గానీ, వర్క్‌షాపులో అంత సూటిగా తేల్చే పరీక్ష మరొకటి లేదు.

క్రమంగా సెల్ చేతికి అందకుండా పోయింది. ఒకే మూత కింద ఆరు సెల్స్ ఇమిడిన 12 వోల్టుల బ్యాటరీలో సెల్స్‌ను కలిపే పట్టీలు లోపలికి వెళ్లాయి, విడివిడిగా వోల్టేజి కొలవడం కుదరలేదు. సీల్డ్ బ్యాటరీలు వచ్చాక హైడ్రోమీటరుకూ దారి లేకపోయింది. 1996 నాటి జనరల్ మోటార్స్ ఈవీ1లో అలాంటివి 26 సిరీస్‌లో ఉండి 312 వోల్టులు ఇచ్చేవి. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారులో 6 వోల్టులవి ఎనిమిది. ఈ-రిక్షాలో సాధారణంగా 12 వోల్టులవి నాలుగు.

మూత తెరవలేని చోట మిగిలింది మల్టీమీటరు, లోడు. ఛార్జింగ్ చేసి కొన్ని గంటలు ఊరకే ఉంచిన బ్యాటరీ 12.7 వోల్టులు చూపుతుంది. 10.5 దగ్గరే ఆగితే లోపల ఒక సెల్ షార్ట్ అయిందని దాదాపు ఖాయం. అసలు ఇబ్బంది సామర్థ్యం మాత్రమే పోయినదానితో: ఊరకే ఉన్నప్పుడు అది మంచివాటిలాగే 12.6 చూపిస్తుంది. అందుకే బండి నడుస్తుండగా, వీలైతే ఎత్తు ఎక్కేటప్పుడు, ఒక్కో బ్యాటరీ వోల్టేజి విడిగా చూడాలి. మిగతావి నిలదొక్కుకుంటుంటే ఒక్కటే 10.5 కిందికి జారిపోతే అదే బలహీనమైనది. దాని స్థానంలో కొత్తది వేస్తే పాతవాటితో సామర్థ్యం కలవదు. అదే వయసున్న మంచి బ్యాటరీ దొరికితే అది వేయడమే మేలు.